వాన దైవాధీనం, చెరువు కట్ట ఎవరి అధీనం?

తొలకరికి ముందు జనగామ పల్లెల్లో ఎవరిని పలకరించినా మాట వాన దగ్గరికే పోతుంది. ఈసారి పత్తి ఎన్ని ఎకరాలు, వరి ఎంత, బోరు ఎన్నాళ్లు పోస్తుంది అని అడిగితే చాలామంది చెయ్యెత్తి ఆకాశం చూపిస్తారు. అంతా పైవాడి దయ అంటారు. ఆ మాటలో భక్తి ఉంది, అంతకు మించి అనుభవం ఉంది. ఎర్ర చెలకల్లో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలు, కోతకు వచ్చిన మిర్చి మీద వాన కురిస్తే కల్లంలో కూలబడ్డ రైతులు ఉన్న నేల ఇది. ఇక్కడి మనిషి దైవాన్ని తలచుకోవడం పిరికితనం కాదు.

అయితే అదే ఊళ్లో నలుగురు కూర్చుని వచ్చే అయిదేళ్లకు ప్రణాళిక రాసుకోవాలంటే ఒక పెద్ద ప్రశ్న అడ్డం వస్తుంది. వానే మన చేతిలో లేనప్పుడు ప్రణాళిక ఏమిటి? రేపటిని ఇవాళే రాసిపెట్టుకోవడం మనది కాని పనిలో వేలు పెట్టడం కాదా? 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను విడదీసి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పాటు చేశాక పాలన ఊరికి దగ్గరైంది. గ్రామసభలు, గ్రామాభివృద్ధి కమిటీలు, రైతు సంఘాలు, మహిళా సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఈ ప్రశ్న మాత్రం వాటిలో ఏ ఒక్కదాని ఎజెండాలోనూ కనిపించదు. లోలోపల ఉండి చాలా పనులను ఆపుతూ ఉంటుంది.

దీనికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర ఉంది. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన ఊరిగా తెలంగాణ దాన్ని గుండెకు హత్తుకుంది. కావ్యాన్ని రాజుకు అంకితమివ్వక నాగలి పట్టి బతికాడని ఆయన గురించి తరతరాలుగా చెప్పుకుంటారు. ఆయన తెనిగించిన దశమ స్కంధంలోని గోవర్ధన కథ ఒక గ్రామసభతో మొదలవుతుంది.

వ్రేపల్లెలో నందుడూ పెద్దలూ ఇంద్రుడికి యాగం చేయడానికి సిద్ధమవుతుంటారు. ఏడేళ్ల కృష్ణుడు వచ్చి, ఇది ఎందుకు చేస్తున్నాం అని అడుగుతాడు. మేఘాలు ఇంద్రుడివి, ఆయన కురిపిస్తేనే పంట, ఇది తాతల నాటి ఆచారం అని నందుడు చెబుతాడు. ప్రాణులు తమ కర్మను బట్టి పుడతాయి, పోతాయి, మన బతుకు ఈ కొండ, ఈ అడవి, ఈ పశువుల మీద ఆధారపడి ఉంది, వాటిని పూజిద్దాం అంటాడు పిల్లవాడు. యాగానికి కూడబెట్టిన పప్పు, నెయ్యి, పాలు అన్నీ కొండ పండుగకు మళ్లుతాయి. ఆ విందులో కుక్కలకూ ఊరు వెలివేసిన వాళ్లకూ కూడా తగినట్టు పెట్టమని మూల భాగవతంలో ప్రత్యేకంగా ఉంది.

ఈ కథలో భక్తికి ఏ లోటూ రాలేదు. మారింది ఆ భక్తి చూసే దిక్కు. అందనంత ఎత్తున ఉన్న మేఘం నుంచి అది కాళ్ల ముందున్న కొండకు, గడ్డికి, నీటికి దిగింది. అవి ఊరందరివీ, ఊరు కాపాడుకోగలిగినవీ. ఇంద్రుడు కోపించి ఏడు రోజులు కుండపోత కురిపించినప్పుడు ఊరు తలదాచుకున్నది ఆ కొండ కిందే.

భగవద్గీత ఇదే సంగతిని మరోవైపు నుంచి చెబుతుంది. 18వ అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు లెక్కగడుతుంది: పని జరిగే చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. దైవాన్ని గీత కాదనలేదు, అలాగని మొత్తం దానికే అప్పగించనూ లేదు. తక్కిన నాలుగూ మనిషి వైపున ఉన్నాయి. ఊరికి అన్వయిస్తే లెక్క ఇంకా తేటపడుతుంది. వాన ఎంత పడుతుందన్నది అయిదో కారణం. పడ్డ వానను ఆపే కట్ట, తూము షట్టరు, కాలువలో పెరిగిన తుమ్మ చెట్లు, ఎవరి మడికి ముందు ఎవరి మడికి వెనక అన్న వంతు, ఇవన్నీ మిగతా నాలుగింటి కిందికి వస్తాయి.

ఫలం మీద ఆశ పెట్టుకోవద్దన్న గీత, ప్రణాళిక వేసుకోమన్న ప్రభుత్వం ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయా? ప్రణాళిక అంటే అయిదేళ్లలో ఎకరానికి ఇన్ని క్వింటాళ్లు, ఇంటికి ఇంత ఆదాయం అని ముందే రాసుకోవడమైతే ఎదురు నిలుస్తాయి. ఆ అంకెలు ఒక్క తుపానుకు కొట్టుకుపోతాయి. అయితే ఊరికి పనికొచ్చే ప్రణాళిక ఎలా ఉంటుందో జనగామ జిల్లాలోనే ఒక చిన్న పల్లె చూపించింది.

లింగాల ఘనపురం మండలంలో కళ్లెం శివారు పల్లె ఏనబావి. యాభై దాకా కుటుంబాలు, 282 ఎకరాల భూమి. 1990ల చివర్లో ఆ ప్రాంతపు ఆముదపు చేలను ఎర్ర గొంగళి పురుగు తినేసేది. ఆ పురుగు నడక తెలుసుకుంటే ఊరి ప్రణాళిక అంటే ఏమిటో సగం తెలిసినట్టే. వేసవి అంతా అది నేలలో కోశంగా పడి ఉంటుంది. తొలకరి వాన పడగానే రెక్కల పురుగులు బయటికొచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు పెరిగి ఒళ్లంతా వెంట్రుకలతో గుంపులు కట్టి ఒక చేనును తినేసి పక్క చేనుకు నడిచిపోతాయి. ఆ దశలో మందు కొడితే పెద్దగా పని చేయదు, డబ్బు మాత్రం పోతుంది.

విరుగుడు తేలికైనదే. వేసవి దుక్కి దున్నితే కోశాలు పైకి తేలి ఎండకు, పక్షులకు పోతాయి. తొలి వానల రాత్రుల్లో చేల గట్ల మీద మంటలు వేస్తే రెక్కల పురుగులు వెలుగుకు వచ్చి పడతాయి. చేను చుట్టూ సన్నటి కందకం తీసి, జిల్లేడు కొమ్మలు అక్కడక్కడా వేస్తే నడిచొచ్చే పురుగులు వాటి మీద చేరతాయి, ఏరి చంపొచ్చు. ఇందులో ఒకటే కష్టం. ఒక్క రైతు చేస్తే ఏమీ ఒరగదు. పక్కవాడి చేలో పుట్టిన పురుగు తెల్లారేసరికి ఇటు వస్తుంది. ఊరంతా ఒకే వారం దున్నాలి, ఒకే రాత్రి మంట వేయాలి. జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ సంస్థ తోడ్పాటుతో అక్కడి రైతులు ఈ పద్ధతులు పట్టుకున్నారు. తర్వాత హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం కూడా జత కలిసింది.

ఆ కాలం గుర్తుంచుకోవాలి. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు తినేసింది. మందు మీద మందు కొట్టి, షాపుల్లో అప్పులు తీరక, ఆ పురుగు మందే తాగి ఎందరో రైతులు చనిపోయారు. ఆ దుఃఖం మధ్యలో ఏనబావి మెల్లమెల్లగా అడుగులు వేసింది. ముందు పురుగు మందులు మానింది. వేప గింజల కషాయం, పశువుల పేడ, చెరువు మట్టి మీద ఆధారపడటం నేర్చుకుంది. తర్వాత రసాయన ఎరువులూ మానింది. 2006లో ఊరు మొత్తం రసాయనాలు లేని గ్రామంగా తనను తాను ప్రకటించుకుంది. అంత పెద్ద మాట పలకడానికి అన్నేళ్లు పట్టింది.

ఏ ఏటికి ఎంత పండుతుందో ఆ రైతులకు ముందే తెలియదు. ఏమి చేయబోమో మాత్రం తెలుసు. ఫలం మీద ఒట్టు పెట్టుకోలేదు, పని మీద పెట్టుకున్నారు. గీతలో చెప్పిన కర్మయోగానికి ఇంతకన్నా దగ్గరి రూపం పొలాల్లో దొరకడం కష్టం. కొత్తగూడెం వైపు పునుకుల కూడా ఇదే దారిలో పురుగు మందులను వదిలింది. వరంగల్ దగ్గర గీసుగొండ మండలం గంగదేవిపల్లి మరో దారి పట్టింది. 1982లో మద్యం వద్దనుకుంది, 1994లో మచ్చాపూర్ నుంచి విడిపడి సొంత పంచాయతీ అయింది. నీటికి, చదువుకు, ఆరోగ్యానికి, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ పెట్టుకుని ఊరి పనిని ఇంటింటికీ పంచింది.

ఊళ్లు ఇలా కలిసి నడవగలవా అన్నది పాత ప్రశ్నే. అందరిదైన వనరును మనుషులు పోటీపడి పాడు చేసుకుంటారని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త రాసినప్పుడు లోకం నమ్మింది. ఎలినార్ ఆస్ట్రమ్ దేశదేశాల కాలువలు, చేపల రేవులు, అడవులు చూసి, వాడుకునే వాళ్లే నియమాలు పెట్టుకున్న చోట అవి తరాల తరబడి నిలిచాయని చూపించింది. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆమె సిద్ధాంతానికి సాక్ష్యం కావాలంటే కాకతీయుల నేల మీద చెరువు చెరువుకూ ఉంది.

కలిసి పని చేసే శక్తి మా ఊళ్లో ఏదీ అని నిట్టూర్చేవాళ్లు బొడ్రాయి పండుగను చూడాలి. ఊరి నడుమ గ్రామదేవతగా బొడ్రాయిని నిలబెట్టాలని అనుకున్నాక నెలల ముందే పని మొదలవుతుంది. ఇంటికింత చందా అని తీర్మానిస్తారు. లెక్కలు ఒకరికి, పందిరి ఒకరికి, వంటలు ఒకరికి అప్పగిస్తారు. పెళ్లయి పోయిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు, ఒడిబియ్యం పోస్తారు. దుబాయిలో ఉన్నవాడు సెలవు పెట్టుకుని వస్తాడు. పొలిమేర కట్టిన వేళ ఎవరూ ఊరు దాటరు, బయటివాళ్లు లోపలికి రారు. పొలి చల్లేవాళ్లు ఊరి హద్దు పొడవునా నడుస్తారు. వాగు, గుట్ట, చెరువు శిఖం, శ్మశానం, బాట అన్నీ ఆ నడకలో కాలి కింద పడతాయి.

నిధుల సమీకరణ, పని విభజన, గడువు, హద్దుల పరిశీలన, వలస వెళ్లిన వాళ్లను కలుపుకోవడం. ప్రణాళికల శిక్షణ తరగతుల్లో చెప్పేవన్నీ ఊరికి వచ్చు. దేవత కోసం చేతనైంది చెరువు కోసం ఎందుకు చేతకావడం లేదు? చెరువు సర్కారుదని, దేవత మనదని మనసు విడదీసుకోవడం వల్ల. పొలి చల్లే నడకలో నలుగురు యువకులు ఒక నోటుబుక్కు పట్టుకుని, మత్తడి ఎక్కడ పగిలింది, కాలువను ఎవరు పూడ్చారు, ఏ బోరు ఎండింది అని రాసుకుంటే అమ్మవారికి కోపం రాదు. ఆ తల్లి కాపాడాలని కోరుకునేది ఆ హద్దులోని నేలనూ నీళ్లనే కదా.

అయితే ఊరి ఐకమత్యం అనే మాటను కళ్లు మూసుకుని మెచ్చుకోవడానికి ఈ నేల ఒప్పుకోదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోయినప్పుడు అడ్డం నిలిచింది రైతుల సంగం. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తూటాకు నేలకొరిగింది కూడా అప్పటి ఊరి కట్టుబాటు అంటే వెట్టి అయినందుకే. ఇప్పటికీ ఉత్తర తెలంగాణలో కొన్ని చోట్ల గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు వేసి, కుటుంబాలను వెలివేసి పోలీసు కేసుల దాకా పోయిన ఉదంతాలు ఉన్నాయి. ఒట్టు పెట్టుకునే ఊరికి ఇతరుల మెడ మీద ఒట్టు రుద్దే బలమూ వస్తుంది.

దీనికి మందు కూడా పాలకుర్తిలోనే ఉంది. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో ద్విపదలో రాసిన బసవ పురాణంలో భక్తుల వరుస చూస్తే కుమ్మరి, చాకలి, మాదిగ, బోయ అందరూ శివుడి ఎదుట ఒకే పంక్తిలో కనిపిస్తారు. వీరశైవం చెప్పిన కాయకం, దాసోహం రెండూ కలిసి నడిచాయి. ఎవరి కష్టమైనా పూజే, ఆ కష్టంతో వచ్చింది పదిమందితో పంచుకోవలసిందే. ఈ రెండు మాటల కొలతతో ఊరి ప్రణాళికను చూస్తే లోపం వెంటనే బయటపడుతుంది. కాయకం ఎవరిది, తీర్మానం మీద సంతకం ఎవరిది? నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఆడవాళ్లు, కమిటీ కుర్చీల్లో మగవాళ్లు. కాలువ మొదట్లో భూమి ఉన్నవాడి మాట చెల్లుతుంది, చివరి మడి రైతుకు నీళ్లూ అందవు, మాటా దొరకదు.

మహబూబాబాద్ జిల్లాలో ఈ ప్రశ్నకు మరో ముఖం ఉంది. అక్కడి లంబాడా తండాలు దశాబ్దాల పాటు పక్క ఊరి పంచాయతీకి శివారుగానే మిగిలాయి. తండాకు తనదైన నాయక్, కారోబారి, పంచాయితీ పద్ధతి ఉన్నా నిధులు రాసే పుస్తకంలో దాని పేరు చివరన ఉండేది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. ఆ పండుగ బాధ్యతంతా వాళ్ల చేతిలోనే ఉంటుంది. తండా నీటి కమిటీలో వాళ్లకు చోటు ఇవ్వడానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదు.

అదే జిల్లాలో బయ్యారం చెరువు ఉంది. దాన్ని కాకతీయ రాజు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిందని గట్టు మీది శాసనం చెబుతుంది. ఆ కాలంలో చెరువు తవ్వించడాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా లెక్కించారు. కొడుకు, కావ్యం, గుడి, వనం, అగ్రహారం, నిధి, చెరువు. కన్నబిడ్డ ఎలాగో చెరువూ అలాగే, తాను పోయాక కూడా తన పేరున ఇతరులకు అన్నం పెడుతుంది. ఈ భావనలో ఒక గొప్ప తత్వం ఉంది. చెరువు తవ్వించినవాడు దాని కింద పండే పంటల్లో నూటికి తొంభై తొమ్మిది తినడు. ఫలం తనది కాదని తెలిసీ పని చేయడానికి వాళ్లకు పుణ్యం అనే మాట చాలింది. పుణ్యం ఒక్కదాని మీదే వదిలేయలేదు కూడా. చెరువును బాగుచేసి నిలబెట్టేవారికి దశబంధం కింద ఆయకట్టులో భూమి లేదా పంటలో వాటా రాసిచ్చారు. నీళ్లు పంచే నీరటివాళ్లకు ఊరు గింజలు కొలిచింది. మరమ్మతు ఖర్చు మొదటి రోజే లెక్కలో చేరింది.

2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46,531 చెరువులు, కుంటల పునరుద్ధరణను తలపెట్టింది. పూడిక తీసిన చెరువులు ఎన్నో నిండాయి. తీసిన పూడిక మళ్లీ చేరకుండా చూసేదెవరు, షట్టరుకు నూనె పెట్టేదెవరు అన్నది ఊరు తేల్చుకోవలసిన సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానమాపకం చూసి, బోర్లలో నీటిమట్టం కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. దైవం ఎంత ఇచ్చిందో కొలిచి, ఇచ్చిన దానిలోనే బతకడానికి తీర్మానించుకున్నారు. కొలవడం అపనమ్మకం అనుకోనక్కర్లేదు. ఇచ్చిన చేతిని గౌరవించే పద్ధతి అది.

అతివృష్టి వేళ ఏమిటి? 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. అంతకు ముందు 24 గంటల్లో అదే జిల్లా చిట్యాలలో 616 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. జనం ఇంటి కప్పుల మీదకు, చెట్ల మీదకు ఎక్కారు. పడవలు, సైనిక హెలికాప్టర్లు వచ్చేదాకా పసిపిల్లలతో, ముసలివాళ్లతో ఆ కప్పుల మీదే ప్రాణాలు అరచేత పెట్టుకున్నారు. కట్టేసిన గుంజల దగ్గరే పశువులు పోయాయి. అంత వానను ఏ కమిటీ ఆపలేదు. ఎత్తయిన చోటు ఏది, మంచం దిగలేని వాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారు, రాత్రి వాగును ఎవరు చూడాలి, పశువుల తాళ్లు విప్పే బాధ్యత ఎవరిది, ఏ గుడి మైకులో ఎవరు పిలవాలి అన్నవి మాత్రం ఊరు ముందే రాసిపెట్టుకోగలిగినవి. గోవర్ధనం లేని ఊరు తన ఎత్తయిన జాగాను తానే గుర్తించుకోవాలి.

అదే ఏడాది అక్టోబర్ 21న అదే జిల్లాలో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ లోపాలన్నీ అందులో ఉన్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ చెప్పింది. దగ్గరలోనే కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ఎంత పెద్ద కట్టడానికైనా కాలం పరీక్ష పెడుతుందన్న ఎరుక ఆ నేలకు ఎప్పటి నుంచో ఉంది. చిన్న ఊరి చిన్న మత్తడికి కూడా ఆ ఎరుకతోనే ఏటా ఒక తనిఖీ తేదీ ఉండాలి.

చట్టం ఊరికి కొంత దారి ఇచ్చింది. 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. పారిశుధ్యానికి, వీధి దీపాలకు, మొక్కలకు, పనులకు స్థాయీ సంఘాలు ఉండాలి. 2014లో మన ఊరు–మన ప్రణాళిక పేరుతో, 2019లో పల్లె ప్రగతి పేరుతో ఊరూరా జాబితాలు రాశారు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడు, తమదంటూ రాసుకున్న కాగితం, తమవాళ్లంటూ నిలబడ్డ కమిటీ లేని ఊళ్లలో ఎవరిని అడగాలో తెలియక పనులు కుంటుపడ్డాయి. పాలకవర్గం మారినా నిలిచే నివాసుల సంఘం అవసరం అప్పుడే బాగా తెలిసింది.

అలాంటి సంఘం రాసుకునే ప్రణాళిక నాలుగు పేజీలు మించనక్కర్లేదు. ఊరంతా కలిసి ఏమి చేయబోమో ఒక పేజీ, ఎవరు ఏ నెలలో ఏ పని చేస్తారో ఒక పేజీ, వరదకూ కరువుకూ ఒక పేజీ, మరమ్మతు డబ్బు ఎక్కడి నుంచో ఒక పేజీ. దాన్ని రచ్చబండ దగ్గర చదివాక, చివరి మడి దగ్గరికి, తండాకు, దళితవాడకు తీసుకెళ్లి మళ్లీ చదవాలి. సంఘానికి రాలేని కూలి ఆడవాళ్ల కోసం రాత్రి పూట ఇంకోసారి చదవాలి. వాళ్లు మార్చమన్నది మార్చి, వాళ్ల సంతకాలూ వేలిముద్రలూ పడ్డాకే పంచాయతీ కార్యదర్శి చేతికి ఇవ్వాలి.